తోడు పద్దు



ఆధార్ సెంటర్లో కుర్రాడు మంచివాడే. "అమ్మా, పాపను చెయ్యి తెరవమనండి" అన్నాడు. అప్పటికి మా మనవరాలికి ఐదేళ్లు నిండి నెల దాటింది. ఐదేళ్లలోపు పిల్లలకు ఫొటోతోనే ఆధార్ కార్డు ఇస్తారు. ఐదు నిండాక వేలిముద్రలు, కంటిపాప ముద్ర వేయించాలి. మా పాప చెయ్యి తెరవదు. మొండితనం కాదు, తెరుచుకోదు. పుట్టుకతోనే సెరిబ్రల్ పాల్సీ. ఇంట్లో అందరం సీపీ అంటాం. కాళ్లూ చేతులూ బిగుసుకుని ఉంటాయి. కొత్త మనిషి దగ్గరికొచ్చినా, పక్కన ఎవరైనా గట్టిగా మాట్లాడినా ఆ పిడికిలి ఇంకా బిగుస్తుంది. కుర్రాడు మెల్లిగా వేళ్లు విడదీయబోయాడు. పాప ఏడుపందుకుంది. వెనక వరసలో నిలబడ్డాయన "కాస్త గట్టిగా లాగవయ్యా, ఎంతసేపు?" అని ఓ సలహా పారేశాడు.

మా అమ్మాయి ఆ కుర్రాణ్ణి ఆగమని, పాప మణికట్టును నెమ్మదిగా కిందికి వంచింది. అంతే, వేళ్లు వాటంతటవే విచ్చుకున్నాయి. ఒక్కొక్కటే అద్దం మీద ఆనించింది. నాలుగు వేళ్లు సులువుగానే పడ్డాయి, బొటనవేలికి మాత్రం మూడుసార్లు పట్టింది.

బయటికొచ్చాక అడిగాను, ఇదెక్కడ నేర్చుకున్నావే అని. "ఫిజియో మేడం చెప్పింది నాన్నా. మణికట్టు వంచితే వేళ్ల బిగువు సడలుతుంది. రోజుకు పదిసార్లు చేస్తా. అన్నం పెట్టేముందు, చొక్కా తొడిగేముందు" అంది, అదేమంత విశేషమన్నట్టు.

వైకల్యం ఉన్న పిల్లల కుటుంబాలకు ప్రభుత్వం నుంచి అందే డబ్బు గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. మాట్లాడతాను. ఏది ఎంత వస్తుందో, ఎవరికి వస్తుందో చెబుతాను. కానీ ఆ మణికట్టు వంచిన చెయ్యి ఏ పద్దు కింద వస్తుందన్నది నాకు ఇప్పటికీ తెగని లెక్క. బ్యాంకులో 34 ఏళ్లు గుమాస్తాగా చేసి దిగినవాణ్ణి. లెక్క తెగకపోతే నిద్రపట్టదు.

ముందు సదరం దగ్గర మొదలుపెట్టాలి. సదరం అన్నది నిజానికి తెలుగు మాట కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వైకల్య ధ్రువపత్రాల కోసం తయారైన కంప్యూటర్ వ్యవస్థకు ఇంగ్లీషు అక్షరాలు కూర్చి పెట్టిన పొట్టిపేరు. మన నోట్లో పడి ఇంటిమాటైపోయింది. "సదరం అయిందా?" "సదరంలో ఎంత వేశారు?" అని అడుగుతారు, సంబంధం ఖాయమైందా, కట్నం ఎంత అని అడిగినంత మామూలుగా. శాఖ పేరూ, మనుషుల పేరూ మాత్రం కుదురుగా ఉండవు. నిన్న వికలాంగులు, ఇవాళ దివ్యాంగులు, ఆంధ్రప్రదేశ్ శాఖ బోర్డు మీద విభిన్న ప్రతిభావంతులు. పేరు మారినప్పుడల్లా బోర్డు కొత్తదవుతుంది. బోర్డు కింద మెట్లు పాతవే, పక్కన వాలుదారి ఉండదు.

సచివాలయంలోనో మీసేవలోనో ముందు సదరం పరీక్షకు స్లాట్ పట్టాలి. స్లాట్లు వదిలిన పూట తిరుమల దర్శనం టికెట్లలాగే కనుమూసి తెరిచేలోగా అయిపోతాయి. నాలుగో ప్రయత్నంలో మాకు దొరికింది. ఎనిమిదింటికి రమ్మంటే ఏడింటికే వెళ్లాం. అది ఏ ఆసుపత్రో చెప్పను, ఏ ఊరి ఆసుపత్రైనా ఆరోజు అలాగే ఉంటుంది. వరండా పొడుగునా జనం. నడవలేనివాళ్లను నడవలేరని రుజువు చేయడానికి మోసుకొచ్చిన జనం.

మా పక్కన ఒకావిడ కూర్చుంది. పద్నాలుగేళ్ల కొడుకును వీపున వేసుకుని ఆటో దగ్గర్నుంచి నడిచొచ్చింది. పిల్లవాడి కాళ్లు ఆవిడ మోకాళ్ల దాకా వేలాడుతున్నాయి. "మీ పాపకు ఎంత రావచ్చండీ?" అని అడిగింది. తెలియదన్నాను. "మావాడికి పోయినసారి డెబ్బయ్యే వేశారు. ఈసారన్నా ఎనభై ఐదు వేస్తే బాగుణ్ణు" అంది. పిల్లలకు ఎనభై ఐదు రావాలని బడి దగ్గర కోరుకునే తల్లుల్ని ఎంతోమందిని చూశాను. ఈ కోరికకు ఏం సమాధానం చెప్పాలో తోచక, మంచినీళ్ల సీసా ఆవిడ వైపు జరిపాను.

మా వంతు వచ్చింది. డాక్టరుగారు కాళ్లు వంచి చూశారు, కీళ్లు కదిపి చూశారు. "నడుస్తుందా?" అని అడిగారు.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. పాపకు నాలుగడుగులు నేర్పడానికి మా అమ్మాయికి మూడేళ్లు పట్టింది. కాలిపర్లు కట్టి, గోడ పట్టించి, వెనక తాను నిలబడి, అడుగుకొక పాట పాడి నేర్పింది. ఆ నాలుగడుగులు వేసిన రోజున ఇంట్లో పాయసం వండారు. ఇప్పుడా డాక్టరుగారి ప్రశ్నకు జవాబు చెప్పాలి. నడవదు అంటే శాతం పెరుగుతుంది. నడుస్తుంది అంటే తగ్గుతుంది. మా అల్లుడు నేలకేసి చూస్తున్నాడు. నేను, సిగ్గు విడిచి చెబుతున్నాను, నడవదని అంటే పోలేదా అనుకున్నాను.

"నాలుగడుగులు వేస్తుంది సార్" అంది మా అమ్మాయి. అంతటితో ఆగక, కిందికి దింపి వేయించి చూపించింది కూడా.

75 శాతం వేశారు. డాక్టరుగారి తప్పేమీ లేదు. ఆయన ఉన్నదున్నట్టు రాశారు. నాకు మింగుడుపడనిది ఆ కొలబద్ద. పిల్ల ఒక మెట్టెక్కితే సాయం ఒక మెట్టు దిగే కొలబద్ద అది.

ఎందుకంటే ఈ వ్యవస్థలో రెండు గడపలున్నాయి. ఒకటి 40, రెండోది 80. 2016లో పార్లమెంటు చేసిన వికలాంగుల హక్కుల చట్టం అంతకుముందున్న ఏడు రకాల వైకల్యాలను 21కి పెంచింది. ఆటిజం, తలసేమియా, సికిల్ సెల్, నేర్చుకోవడంలో ఇబ్బందులు, యాసిడ్ దాడి బాధితులు, ఇవన్నీ అందులో చేరాయి. చట్టం చాలా హక్కులకు 40 శాతాన్ని గీతగా పెట్టింది. 39 వస్తే గీతకు ఇవతలే. 2024లో సవరించిన నిబంధనల ప్రకారం యూడీఐడీ అనే వైకల్య గుర్తింపు కార్డులకు రంగులు కూడా వచ్చాయి. 40 లోపు తెలుపు, 40 నుంచి 80 లోపు పసుపు, 80, ఆపైన నీలం. తెలంగాణలో ఇప్పుడు ఆ యూడీఐడీ పేరు మీదే క్యాంపులు నడుస్తున్నాయి. మా పాపది పసుపు కార్డు. వరండాలో కలిసినావిడకు నీలం వచ్చిందో లేదో తెలియదు, మేం బయటికొచ్చేసరికి ఆవిడ లోపలికి వెళ్లింది.

ఇక డబ్బు. మన రెండు రాష్ట్రాల్లో వికలాంగుల పింఛనుకు కనీస వయసు లేదు. 40 శాతం ఉంటే పసిబిడ్డకైనా ఇస్తారు, వినికిడి లోపానికి తెలంగాణలో 51 శాతం ఉండాలి. ఇది చిన్న విషయం కాదండీ. కేంద్రం ఇచ్చే ఇందిరాగాంధీ జాతీయ వికలాంగుల పింఛను 18 ఏళ్లు నిండితేగానీ రాదు, అదీ 80 శాతం ఉండి, దారిద్ర్యరేఖకు దిగువనుంటే. అంటే పిల్లలకు లేనే లేదు. ఇంతాచేసి అది ఎంత? నెలకు 300 రూపాయలు. అదే తరహా పథకంలో ఇతరులకిచ్చే దానికంటే వికలాంగులకు కనీసం 25 శాతం ఎక్కువ ఇవ్వాలని 2016 చట్టం చెబుతుంది. 80 ఏళ్లలోపు వృద్ధులకు కేంద్రం వాటా 200. దానికి పాతిక శాతం కలిపితే 250. మూడొందలు ఇస్తున్నారు కాబట్టి చట్టం అక్షరాలా అమలైపోయింది!

రాష్ట్రాలు నయం. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి వికలాంగుల పింఛను 3,000 నుంచి 6,000 అయింది. పక్షవాతం, తీవ్రమైన కండరాల క్షీణత వంటివాటితో మంచానికో చక్రాల కుర్చీకో పూర్తిగా పరిమితమైనవాళ్లకు 15,000. తెలంగాణలో 2023 నుంచి 4,016. ఆంధ్రలో ఒకటో తారీఖున సచివాలయం ఉద్యోగి ఇంటికే వచ్చి ఇచ్చి వెళతారు. ఇంట్లో నడవలేని పిల్ల ఉన్నవాళ్లకు డబ్బు అలా గుమ్మం ముందుకు రావడం ఎంత గొప్పో బ్యాంకులో పనిచేసిన నాకు తెలుసు. మా రోజుల్లో కౌంటరు దాకా దేక్కుంటూ వచ్చినవాళ్లున్నారు.

ఐతే మీకు నలభై శాతం ఉన్నంతమాత్రాన సరిపోదు. ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి ఉండకూడదు, కారు ఉండకూడదు, కరెంటు వాడకం నెలకు 300 యూనిట్లు దాటకూడదు వంటి వడపోతలు ఆంధ్రలో ఉన్నాయి. దొంగ సర్టిఫికెట్లతో పింఛను తినేవాళ్లు లేరని నేననను. ఉన్నారు, ఊళ్లో అందరికీ తెలుసు, ఎవరూ చెప్పరు. 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సర్టిఫికెట్లను తిరగదోడింది. మంచం పట్టినవాళ్ల దగ్గరికి డాక్టర్లను ఇళ్లకే పంపింది, మిగతావాళ్లను ఆసుపత్రులకు పిలిచింది. తనిఖీ తప్పని నా వాదన కాదు. కానీ దొంగను పట్టుకునే ఖర్చు ఎవరి నెత్తిన పడుతుందో చూడండి. దొంగవాడు ఆసుపత్రికి బైకు మీద వెళతాడు. నిజంగా కదల్లేనివాడు ఆటో మాట్లాడుకోవాలి, ఇద్దరు మోయాలి, ఆ ఇద్దరూ ఆరోజు కూలి వదులుకోవాలి.

ఇప్పుడు నా అలవాటు చొప్పున గీతల నోటు పుస్తకం ఒకటి తెరిచాను. ఎడమవైపు జమ, కుడివైపు ఖర్చు. మా అల్లుడికి చిన్న ఎలక్ట్రికల్ షాపు ఉంది, దాని సంగతి వేరు. పాప వరకే రాశాను. జమ: పింఛను 6,000. ఖర్చు: ఫిజియో వారానికి మూడు సిట్టింగులు, నెలకు పన్నెండు, సిట్టింగుకు 300 చొప్పున 3,600. ఆటో రానూపోనూ 120, నెలకు 1,440. డైపర్లు 1,500. ఫిట్స్ మందులు 700. మొత్తం 7,240. తేడా 1,240. ఫర్వాలేదు, పూడ్చుకోగలిగినదే అన్నాను. కాస్త గర్వంగానే అన్నాననుకుంటా, లెక్క ఒక పేజీలో కుదిరినందుకు.

మా అమ్మాయి వంటింట్లోంచి వచ్చి పుస్తకం అందుకుంది. కళ్లజోడు లేకుండా దూరంగా పట్టుకుని చదివింది. పెన్నడిగి ఖర్చువైపు ఒక వరస చేర్చింది. "నా జీతం 9,000."

అది బీఈడీ చదివింది. ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పేది. పాపకు ఏడాదిన్నర వచ్చాక మానేసింది. మానేసిందనడం కూడా తప్పు. సెలవులు ఎక్కువైపోతున్నాయని యాజమాన్యం అన్నది, అది విన్నది. అప్పటినుంచి ఆ తొమ్మిది వేలు ఇంట్లో ఎవరి లెక్కలోనూ లేవు. ఎక్కడా పడని డబ్బు కదా, పోయినట్టు కూడా తెలియదు. ఇప్పుడు తేడా 10,240. నేను బ్యాంకు భాషలో దాన్ని రాబడి నష్టం అనొచ్చు. మా అమ్మాయి మాత్రం అలా రాయలేదు, నా జీతం అనే రాసింది.

మన రాష్ట్రాల్లో పింఛను బిడ్డ పేరున వస్తుంది. శాతం చూసి వస్తుంది. ఆ బిడ్డ పక్కన పొద్దున్నుంచి రాత్రిదాకా ఎవరు కూర్చుంటారన్నది ఆ దరఖాస్తులో గడి కాదు. విచిత్రమేమిటంటే చట్టంలో ఆ గడి ఉంది. 2016 చట్టమే సంరక్షకులంటే ఎవరో నిర్వచించింది. జీతం తీసుకున్నా తీసుకోకపోయినా, తల్లిదండ్రులైనా ఇతర కుటుంబసభ్యులైనా, సేవచేసే మనిషి సంరక్షకులే అంది. ఎక్కువ ఆసరా కావలసినవాళ్లకు సంరక్షకుల భత్యం ఇచ్చేలా ప్రభుత్వాలు పథకాలు పెట్టాలనీ అంది. కేరళలో ఆశ్వాసకిరణం అని ఒక పథకం నడుస్తోంది. మంచాన పడినవారినీ, తీవ్ర వైకల్యం ఉన్నవారినీ ఇంట్లో చూసుకునే మనిషికి నెలకు 600 రూపాయలు. ఆరొందలు ఏ మూలకని నవ్వుకోకండి. పేరు పెట్టి, ఆ మనిషికే ఇచ్చారు. ఒక పద్దు తెరవడమంటూ జరిగితే అంకె పెంచమని పోట్లాడొచ్చు. పద్దే లేనప్పుడు ఏం పెంచమంటాం?

ఆమాటకొస్తే మన దేశంలో తోడును మొదటినుంచీ లెక్కలో పెట్టుకున్నది రైలువాళ్లు. తోడు లేకుండా ప్రయాణం చేయలేని వికలాంగులకు, బుద్ధిమాంద్యం ఉన్నవారికి స్లీపర్, థర్డ్ ఏసీ వంటి తరగతుల్లో 75 శాతం దాకా రాయితీ ఇస్తారు. వెంట వచ్చే ఒక మనిషికీ అదే రాయితీ. ఆ తోడు లేకపోతే ఈ ప్రయాణమే లేదు, ఇద్దరూ కలిస్తేనే ఒక ప్రయాణికుడు అన్న ఇంగితం ఆ నిబంధనలో ఉంది. పింఛను రాసినవాళ్లకు తట్టనిది టికెట్టు రాసినవాళ్లకు తట్టింది!

బస్సు సంగతి ఇంకో రకం. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచీ, ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచీ ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో ఉచితం. అది వికలాంగుల కోసం పెట్టింది కాదు. ఐనా థెరపీకి పిల్లల్ని తిప్పే తల్లులకు దానంత అక్కరకొచ్చిన పథకం ఈమధ్య లేదు. ఫిజియో సెంటరు దగ్గర కూర్చుంటే ఆ మాటే వినబడుతుంది. మాది ఆడపిల్ల కాబట్టి తల్లికీ టికెట్టు లేదు, పిల్లకూ లేదు. మరి ఆటోకు 1,440 ఎందుకు రాశావంటారా? బస్సు మెట్టు మా అమ్మాయి మోకాలంత ఎత్తుంటుంది. పాప ఇప్పుడు 20 కిలోలు. ఒక చేత్తో పిల్లను, ఇంకో చేత్తో కడ్డీని పట్టుకుని రెండుసార్లు ఎక్కింది. రెండోసారి జారింది. మూడోసారి నేనే వద్దన్నాను.

ఉద్యోగం చేసే తల్లులకు సెలవు సంగతి చెప్పాలి. కేంద్రప్రభుత్వ ఉద్యోగినులకు సర్వీసు మొత్తం మీద 730 రోజుల శిశుసంరక్షణ సెలవు ఉంది. మామూలుగా పిల్లలకు 18 ఏళ్లు వచ్చేదాకానే వాడుకోవాలి. బిడ్డకు వైకల్యం ఉంటే ఆ వయసు గీత లేదు. హిమాచల్‌ప్రదేశ్‌లో ఒక ప్రభుత్వ కళాశాల అధ్యాపకురాలు, ఎముకలు పెళుసుగా విరిగిపోయే జబ్బున్న కొడుకు కోసం సెలవన్నీ అయిపోయి, సంరక్షణ సెలవు అడిగితే రాష్ట్రం తమ రూల్సులో అది లేదంది. 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ రాష్ట్రాన్ని రూల్సు తిరిగి చూసుకోమంది. ఆడవాళ్లు ఉద్యోగంలో కొనసాగడం వాళ్లకెవరో చేస్తున్న ఉపకారం కాదనీ, రాజ్యాంగం కోరేదనీ చెప్పింది. చదివి సంతోషించాను. ఆ పేపరు కత్తిరించి మా అమ్మాయికిచ్చాను. చదివి, "వాళ్లు ప్రభుత్వ ఉద్యోగులు నాన్నా" అని తిరిగిచ్చేసింది.

ఆదాయపన్ను మినహాయింపు కూడా ఇలాంటిదే. 80డీడీ కింద వికలాంగుడైన కుటుంబసభ్యుణ్ణి పోషిస్తే ఆదాయంలో 75,000, వైకల్యం 80 శాతం, ఆపైన ఉంటే 1,25,000 తగ్గించి చూపుకోవచ్చు. నిజంగా ఎంత ఖర్చయిందని అడగరు. మంచిదే. కానీ పాత పన్ను విధానం ఎంచుకున్నవాళ్లకే. అసలు పన్ను కట్టేటంత ఆదాయం లేని ఇంటికి దాంతో ఒరిగేదేం లేదు.

పేదవాడికి పనికొచ్చేది నిరామయ. నేషనల్ ట్రస్ట్ నడిపే ఆరోగ్యబీమా. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం, ఈ నాలుగింటికే. ఏడాదికి లక్ష రూపాయల వరకు. ముందుగా వైద్యపరీక్షలంటూ ఏమీ లేవు, వయసు పట్టింపు లేదు. చేరడానికి దారిద్ర్యరేఖకు దిగువనున్నవాళ్లకు 250, ఇతరులకు 500. ఆసుపత్రిలో పడితేనే కాకుండా ఓపీకి, థెరపీకి, మందులకు, రాకపోకలకు కూడా పరిమితుల మేరకు ఇస్తారు. థెరపీకి బీమా ఇవ్వడం అరుదు, గుర్తుంచుకోండి. ఐతే ముందు మనం ఖర్చుపెట్టి, బిల్లులు పంపి, తర్వాత తెచ్చుకోవాలి. చేతిలో డబ్బుంటేనే డబ్బొస్తుంది. ట్రస్టులో నమోదైన స్వచ్ఛందసంస్థల ద్వారా చేరొచ్చు. ఏటా పునరుద్ధరించుకోవడం మరిచిపోతే పోతుంది. మేం ఒక ఏడాది మరిచిపోయాం, అదీ బ్యాంకు గుమాస్తా ఇంట్లో.

ఉపకరణాలకు కేంద్రం ఏడిప్ పథకం ఉంది. నెలాదాయం 22,500 లోపైతే పూర్తి ఉచితం, 30,000 లోపైతే సగం. క్యాంపు పెట్టి కొలతలు తీసుకుంటారు, తర్వాత సామాను వస్తుంది. పాపకు సీపీ కుర్చీకి కొలతలిచ్చాం. కుర్చీ పదకొండు నెలలకు వచ్చింది. మంచి కుర్చీ, గట్టి కుర్చీ. ఈలోగా పిల్ల పెరిగింది. పిల్లలు పెరుగుతారన్న సంగతి సరఫరా పట్టికలో ఉండదు కాబోలు. మా పక్కవీధిలో ఇంకో బాబుకు అది అతికినట్టు సరిపోయింది. వాళ్లింట్లో వాడుతున్నారు. కాలిపర్లూ అంతే, చెప్పుల్లాంటివి, ఏడాదికోసారి మారాలి.

బడి గురించి క్లుప్తంగా. 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత విద్య చట్టం ఇచ్చిన హక్కు. సమగ్ర శిక్ష కింద మండల కేంద్రాల్లో భవిత సెంటర్లున్నాయి. ప్రత్యేక శిక్షణ పొందిన టీచర్లుంటారు, ఫిజియో వారానికోరోజు వస్తారు. బడికి తీసుకొచ్చే తోడుకు, రవాణాకు కొంత భత్యం ఉంది. ఆడపిల్లలకు నెలకు 200 చొప్పున పది నెలలు స్టైపెండు. అసలు కదల్లేని పిల్లలకు టీచరే ఇంటికొచ్చి చెబుతారు. మా భవిత టీచరమ్మ పాపకు రంగులు చెప్పడానికి ఇంట్లోని గాజులు తెప్పించింది. ఎరుపు, ఆకుపచ్చ, పసుపు. ఒక్కోటీ వేళ్ల మధ్య దూర్చి పట్టిస్తుంది. రంగూ వస్తుంది, పిడికిలీ విడుతుంది. వారానికోరోజు ఫిజియో చాలదు, నిజమే. కానీ ఆ గాజుల పాఠానికి నేను ఏ ప్రైవేటు సెంటర్లోనూ సాటి చూడలేదు. సికింద్రాబాద్ బోయిన్‌పల్లి దగ్గర మనోవికాస్ నగర్లో 1984లో పెట్టిన జాతీయ సంస్థ ఉంది, బుద్ధిమాంద్యం ఉన్నవారి కోసం. ఇంట్లో తల్లే ఎలా నేర్పాలో అక్కడ తల్లులకు చెబుతారు. మన రెండు రాష్ట్రాలవాళ్లకూ అందుబాటులో ఉన్నచోటు.

ఇక చివరగా, నేను చెప్పుకోవాల్సిన నా తప్పు ఒకటుంది.

2003 ప్రాంతంలో నేను ఫిక్స్‌డ్ డిపాజిట్ల కౌంటర్లో ఉండేవాణ్ణి. ఒకావిడ కొడుకును వెంటబెట్టుకుని వచ్చింది. ఆ అబ్బాయికి ఇరవై రెండేళ్లుంటాయి, మాట లేదు, తల్లి కొంగు పట్టుకుని నిలబడ్డాడు. తండ్రి పోయినప్పుడు వచ్చిన డబ్బు పిల్లవాడి చిన్నప్పుడు అతని పేరున వేశారు. మెచ్యూర్ అయింది. సంతకం ఎవరు పెడతారు? అబ్బాయి పెట్టలేడు. తల్లి పెడితే చెల్లదు. ఎందుకంటే బిడ్డకు 18 నిండగానే తల్లిదండ్రులు చట్టం దృష్టిలో సంరక్షకులు కాకుండా పోతారు, బిడ్డ ఎలాంటి స్థితిలో ఉన్నా సరే. "కోర్టు నుంచి గార్డియన్ ఆర్డరు తీసుకురామ్మా" అన్నాను. మర్యాదగానే అన్నాను. ఆవిడ "నేను వాడి అమ్మనేనండీ" అంది. "తెలుసమ్మా, కానీ రూలు" అన్నాను. రెండోసారి వచ్చినా అదే చెప్పాను. మూడోసారి రాలేదు.

అప్పటికే దానికో చట్టం వచ్చి నాలుగేళ్లు. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం. నిరామయకు చెప్పిన ఆ నాలుగు రకాల వైకల్యాలున్నవాళ్లకు కోర్టుకు పోనక్కర్లేదు. ప్రతి జిల్లాలో కలెక్టరు అధ్యక్షతన స్థానిక స్థాయి కమిటీ ఉంటుంది. తల్లిదండ్రులు దరఖాస్తు పెట్టుకుంటే ఆ కమిటీయే చట్టబద్ధ సంరక్షకుల్ని నియమిస్తుంది. తల్లిదండ్రుల్నే నియమించొచ్చు, వాళ్ల తదనంతరం తోబుట్టువునో, ఇంకొకరినో. నాకది తెలియదు. మా మేనేజరుకూ తెలియదు. ఆ కమిటీ ఇచ్చిన పత్రాన్ని బ్యాంకులు ఒప్పుకోవాలని రిజర్వుబ్యాంకు 2007లో సర్క్యులర్ పంపింది. అది మా టేబుల్ మీదికి వచ్చిన రోజు నాకు ఆ తల్లి గుర్తొచ్చింది. వెతికి కబురు పెడదామంటే నేనప్పటికి ఇంకో బ్రాంచికి మారిపోయాను. ఇప్పుడీ రేడియో వింటున్నవాళ్లలో పదిహేడో ఏట పిల్లలున్న ఇళ్లు ఉంటే, కలెక్టరేట్‌లో ఆ కమిటీ ఎప్పుడు కూర్చుంటుందో ఇవాళే కనుక్కోండి. పద్దెనిమిది నిండాక పింఛను ఖాతా దగ్గరే మొదటి చిక్కు వస్తుంది. ప్రభుత్వోద్యోగుల పిల్లలైతే తండ్రి తర్వాత, తల్లి తర్వాత ఆ బిడ్డకు జీవితాంతం ఫ్యామిలీ పింఛను వచ్చే వీలుంది. దానికీ ఈ సంరక్షకుల కాగితం ఆధారమవుతుంది. మీరు సర్వీసులో ఉండగానే బిడ్డ పేరు, వైకల్యం సంగతి రికార్డులో ఎక్కించండి.

నా నోటు పుస్తకం చివరి పేజీలో మా పాప పద్దెనిమిది నిండే తారీఖు రాసి పెట్టుకున్నాను. ఇంకా తొమ్మిదేళ్లుంది. మొన్న చూస్తే దానికింద మా అమ్మాయి పెన్సిల్‌తో రెండంకెలు వేసి ఉంది. ఒకటి 45. రెండోది 76. ఆరోజుకు తనకెంత వయసొస్తుందో, నాకెంత వస్తుందో కూడుకుంది. 76 పక్కన ప్రశ్నార్థకం పెట్టి, మళ్లీ చెరిపేసినట్టుంది. రబ్బరు మరక కనిపిస్తోంది.